పై అంతస్తు కాపురం

మా ఊళ్ళో బదనిక అనే మాట మొక్కలకంటే మనుషులకే ఎక్కువగా వాడేవారు. అక్కగారింట్లో తిని అరుగుమీద పడుకునే తమ్ముడూ బదనికే, మామగారి పంచన చేరిన అల్లుడూ బదనికే. ఇక చెట్టుమీది బదనికల్లో రెండు రకాలుండేవి. ఒకటి నిఖార్సైన దొంగ. పిట్ట తిని వదిలిన జిగురుగింజ మామిడికొమ్మకు అంటుకుని, అక్కడే మొలిచి, బెరడు లోపలికి వేరు దించి, చెట్టు కష్టపడి తెచ్చుకున్న నీళ్ళు తాను తాగేస్తుంది. రెండోది అలా కాదు. కొమ్మను కరుచుకుని, దళసరి ఆకులతో, తెల్లటి వేళ్ళు గాలిలో వేలాడేసుకుని కూర్చుంటుంది. చెట్టునుంచి చుక్క నీరు పుచ్చుకోదు. వాననీరూ, మంచూ, గాలి తెచ్చిన ధూళీ, అంతే దాని సంసారం. పువ్వు పూసిందంటే మాత్రం జమీందారీ ఠీవి. వృక్షశాస్త్రంలో దానికున్న ‘వాండా’ అన్న పేరు మన సంస్కృతపు ‘వందా’ నుంచి పోయిందే. అయినా ఇద్దరికీ మనవాళ్ళు పెట్టింది ఒకే పేరు, పట్టింది ఒకే కత్తి.

ఈ రెండో రకంమీద నాకు అభిమానం ఉండటానికి కారణం లేకపోలేదు. రెండేళ్ళ క్రితం ఊళ్ళో ఇల్లు అమ్మేసి, కోయంబత్తూరులో అబ్బాయి దగ్గర ఏడో అంతస్తులో చేరాం. అబ్బాయి మంచివాడు. కోడలు అంతకంటే మంచిది. అయినా మా ఆవిడ ఒకనాడు తులసికుండీలో నీళ్ళు పోస్తూ, “కాలు మోపడానికి నేలైనా లేకుండా బతుకుతున్నామండీ, బదనికల్లాగ” అంది. ఏడుస్తూ అంటే ఓదార్చవచ్చు. మామూలుగా అంది. నేను పేపరు మడతపెట్టి ఊరుకున్నాను.

మొన్న మార్చిలో అబ్బాయి మమ్మల్ని సైలెంట్ వ్యాలీ అడవికి తీసుకువెళ్ళాడు. కేరళలో, పాలక్కాడు జిల్లాలో ఉంది. ముక్కాలి దగ్గర మన కారు వదిలేసి జీపు ఎక్కితే, ఒళ్ళు హూనమయ్యాక సైరంధ్రి అనే చోట దింపుతారు. అవును, మన విరాటపర్వంలో సైరంధ్రే! కింద పారే ఏటిపేరు కుంతి. పాండవులు ఇక్కడ తిరిగారని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ ఏటికి ఆనకట్ట కట్టి కరెంటు తీయాలని 1970లలో పూనుకున్నారు. శాస్త్రజ్ఞులూ, బడిపంతుళ్ళూ, సుగతకుమారి వంటి కవులూ ఏళ్ళ తరబడి అడ్డుపడ్డారు. పథకం ఆగిపోయి, 1984లో అది జాతీయోద్యానం అయింది.

అక్కడ దాదాపు 30 మీటర్ల ఇనుప మంచె ఒకటుంది. “మోకాళ్ళు ఒప్పుకుంటాయా?” అన్నాను. “మీవా, నావా?” అంటూ మా ఆవిడ ముందు ఎక్కింది.

అడవి అంటే మనం కింద నడిచి చూసేదే అనుకుంటాం. ఇటువంటి వానఅడవిలో కింద ఉండేది నేలమాళిగ. పైన కాసే ఎండలో నూటికి ఒకటి రెండు పాళ్ళు దిగితే గొప్ప. అందుకే ఎండకోసం ఆశపడే ప్రతి జీవీ పై అంతస్తుకే చేరుతుంది. మంచెమీదనుంచి చూస్తే కాలీఫ్లవరు పువ్వులు పక్కపక్కన పేర్చినట్టు చెట్ల తలలు, కొండ అంచుదాకా. ఒక్కొక్క కొమ్మా ఒక్కొక్క అగ్రహారం. నాచులు, ఫెర్నులు, సీతజడలు, పేరు తెలియని తీగలు. ఇలా చెట్లమీదే కాపురం పెట్టిన మొక్కలు లోకంలో సుమారు 30,000 జాతులున్నాయట. నాచుల్ని లెక్కలోకి తీసుకోకుండానే ఇంత. నాచులు పోను మిగిలిన మొక్కలు పది జాతులైతే అందులో దాదాపు ఒకటి ఈ కాపురస్తే.

కాపురం సుఖమైనదేం కాదు. కుండపోతగా కురిసినా, ఎండా గాలీ తగిలిన కాసేపటికి కొమ్మ పొడిబారిపోతుంది. కాబట్టి వానఅడవి నెత్తిన ఉన్న మొక్క ఎడారిమొక్కలా పొదుపు చేస్తుంది. ఆ తెల్లటి వేలాడే వేళ్ళకు పైన అద్దుడుకాగితం లాంటి పొర ఉంటుంది, తడి తగిలిందంటే పీల్చి దాచుకుంటుంది. దాని గింజలు ధూళికంటే సన్నం. తల్లి వాటికి చద్దిమూట కూడా కట్టి పంపదు. పడిన చోట సరైన బూజుజాతి తోడు దొరికితేనే అది అన్నం పెట్టి మొలిపిస్తుంది. లేకపోతే లేదు. మర్రిజాతివాళ్ళ తీరు వేరు. పిట్ట పైన వదిలిన గింజ మొలిచి, వేళ్ళు నేలకు దించి, చివరికి ఇంటివాడినే బిగించేస్తుంది. తాటిచెట్టును మింగిన మర్రిని మనవైపు చూడనివారెవరు?

మాతో వచ్చిన అటవీ ఉద్యోగి, పెద్దాయన, పక్క చెట్టు చూపించాడు. వెడిప్లావు అంటారట, అంటే పేలే పనస. రేకులు లేని పువ్వులు కొమ్మల నిండా అంటుకుని ఉన్నాయి. ఈ పూత రోజుల్లో అడవిలో వేరే తిండి తక్కువ. సింహం తోక కోతులు పువ్వుల్లోని తీపికండ తింటాయి. రాత్రి గబ్బిలాలూ వస్తాయి. ఆ కోతి నేలకు దిగడం అరుదు, కొమ్మనుంచి కొమ్మకే దాని బాట. మధ్యలో రోడ్డు వేసి చెట్లు కొట్టేస్తే దాని ఊరు రెండు ముక్కలైనట్టే.

మా ఆవిడ కోతిని చూడలేదు. కొమ్మ చీలిన చోట గూడులా ఉన్న ఫెర్ను వంకే చూస్తోంది. “వీటికి మట్టి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?” అని అబ్బాయిని అడిగింది. వాడు పెద్దాయన్ని తమిళంలో అడిగాడు. ఆయన నవ్వాడు. “అవే చేసుకుంటాయమ్మా” అన్నాడు. రాలిన ఆకుల్ని ఆ గూడు పట్టుకుంటుంది. నాచు నీటిని ఆపుతుంది. కుళ్ళి, మట్టి అవుతుంది. ఆ మట్టిలో చీమలూ, పురుగులూ చేరతాయి.

తరువాతి కథ నేను చదివినది, అక్కడే చెప్పాను. నళినీ నాడ్కర్ణి అని అమెరికా శాస్త్రజ్ఞురాలు, తండ్రి మన దేశంవారే. పర్వతారోహకుల తాళ్ళతో చెట్లెక్కి ఈ పైమట్టిని తవ్వి చూసింది. మట్టిలో వేళ్ళున్నాయి. పట్టుకుపోయి చూస్తే అవి పైమొక్కలవి కావు, చెట్టువే! చెట్టు తన కొమ్మలనుంచే వేళ్ళు పుట్టించి, తనమీద కాపురమున్నవాళ్ళు పోగుచేసిన మట్టిలోంచి సారం తీసుకుంటోంది. 1981లో ఈ సంగతి ప్రకటించింది.

“అయితే చెట్టూ వాళ్ళింటికి చేబదులుకు వెళ్తుందన్నమాట!” అంది మా ఆవిడ.

“ఇంకా ఉంది” అన్నాను. కోస్టారికాలో మాంటెవెర్డే అనే మబ్బుల అడవిలో ఆవిడే కొన్ని కొమ్మల్ని ఒలిచి బోసిగా చేసి చూసింది. ఏళ్ళు గడిచినా పాత గుబురు తిరిగి రాలేదు. అంతటి మట్టి కూడటానికి దశాబ్దాలు పడుతుంది. అడవి నరికి మళ్ళీ నాటితే చెట్లు పెరగవచ్చు, పై అంతస్తు మాత్రం అంత తొందరగా రాదు.

“దశాబ్దాలా?” మా ఆవిడ కొంగు బిగించుకుంది. “మనం వచ్చి రెండేళ్ళేగా అయింది” అని, కమ్మీ పట్టుకుని మెల్లిగా మెట్లు దిగడం మొదలుపెట్టింది.