కూడబెట్టిన పాయింట్లు

ప్రతి ఇంట్లోనూ ‘మంచిరోజు’ కోసం దాచిపెట్టిన వస్తువొకటి ఉంటుంది. ట్రంకు పెట్టె అడుగున కలరా ఉండల వాసన వేస్తూ పడుకున్న ధర్మవరం పట్టుచీర కావచ్చు, అల్లుడు వచ్చినప్పుడు తీద్దామని అటకమీద పెట్టిన వెండి కంచం కావచ్చు. తీరా ఆ మంచిరోజు వచ్చేసరికి చీర మడతల దగ్గర చిరిగిపోతుంది. అల్లుడు స్టీలు కంచంలో తిని రైలుకు పోతాడు. దాచడం మనకు తెలిసినంత బాగా వాడుకోవడం తెలియదు.

2025 వేసవిలో మా కుటుంబంలో ఇద్దరికి ఈ చిక్కు ఒకేసారి వచ్చిపడింది. ఒకరు విడపనకల్లులో పాఠాలు చెప్పే మా ఆవిడ. రెండోవాడు అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు. ఇద్దరూ దాచింది చీరలూ కంచాలూ కాదు, పాయింట్లు.

మావాడి సంగతి ముందు చెబుతాను. ఇక్కడున్నప్పుడు బొద్దింకను చూసి మంచమెక్కినవాడు అక్కడ వేట నేర్చాడు. ఎల్క్ అని, మన కణుజుకు పెద్దన్నలాంటి మృగం. పోతు మూడువందల కిలోలు దాటుతుంది. ఆ ఒక్క రాష్ట్రంలోనే రెండున్నర లక్షలకు పైగా ఉన్నాయట. అయినా మంచి అడవిలో వేటాడాలంటే లైసెన్సు లాటరీలో రావాలి. ఏప్రిల్ మొదట్లో దరఖాస్తు పెట్టాలి. మొదట కోరుకున్న చోటు రాకపోతే ఓదార్పుగా ఒక పాయింటు ఇస్తారు. పాయింట్లు ఎక్కువున్నవాడిది ముందువరస. కోరిన చోటు దొరికిందా, ఉన్నవన్నీ సున్నా! మావాడి దగ్గర ఏడు పాయింట్లు చేరాయి. వాటితో మధ్యరకం అడవి వస్తుంది. రాష్ట్రానికి వాయవ్య మూలనున్న మేలురకం అడవులకు ఇరవైకి పైగా కావాలి. అందరూ దాస్తూనే ఉంటారు గనుక ఆ అంకె ఏటేటా పెరుగుతూనే ఉంటుందట.

“మామా, ఇప్పుడు వాడేద్దామా, ఆగుదామా?” అని ఫోనులో అడిగాడు.

వేట గురించి నన్నడగడం బాగానే ఉంది! మనుచరిత్ర పాఠం చెప్పేటప్పుడు స్వరోచి వెంట అడవికి పోవడమే తప్ప నేను బాణమెరుగను, తుపాకీ ఎరుగను. పైగా మా ఊళ్ళో మృగాలే మనుషుల్ని వేటాడతాయి. మా నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలు మందలు మందలుగా పడి శనగ మొలకలూ పత్తి మొలకలూ మేసిపోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే సీమలో, మొలిచిన ఆ నాలుగాకులూ జింక నోట్లో పడితే రైతు చేతులు కట్టుకుని చూడవలసిందే. 1972 చట్టం వాటికి కాపలా. ఆ చట్టం మంచిదే, కాని రైతు కడుపుమంటా అబద్ధం కాదు.

ఇక మా ఆవిడ సంగతి. ఆమె ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటు, జీవశాస్త్రం. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపాధ్యాయుల బదిలీలకు ఒక చట్టమే చేసింది. ఒకేచోట ఎనిమిది విద్యాసంవత్సరాలు నిండితే కదలక తప్పదు. అంతకుముందే కదలాలనుకునేవారు కోరుకోవచ్చు. ఎవరికి ముందుగా చోటు దొరకాలన్నది పాయింట్లే తేలుస్తాయి. పట్నంలాంటి మొదటి తరగతి చోట పనిచేస్తే ఏడాదికి ఒకటి, రెండో తరగతికి రెండు, మూడో తరగతికి మూడు, దారీతెన్నూ లేని నాలుగో తరగతి పల్లెకు అయిదు. మొత్తం సర్వీసులో ఏడాదికి అర పాయింటు అదనం. భార్యాభర్తలిద్దరూ సర్కారు కొలువులోనే ఉంటే మరో అయిదు. నేను గుంతకల్లులో ప్రైవేటు కాలేజీ లెక్చరర్ని గనుక ఈ పద్దులో భర్తవల్ల ఆమెకు ఒరిగింది గుండుసున్నా. ఈ మాట ఆమె ఒక్కసారే అంది. నేను మాత్రం రోజుకొకసారి వింటున్నాను.

మా ఊరు మూడో తరగతి. ఆమె ఇక్కడికి వచ్చింది 2021 మొదట్లో. స్థానానికి 13, పదహారేళ్ళ సర్వీసుకు 8, వెరసి 21. ఎనిమిదేళ్ళూ నిండేదాకా ఆగితే స్థానానికి 24, సర్వీసుకు 10, మొత్తం 34. ముప్పైనాలుగుంటే అనంతపురం పట్నం మీద ఆశ పెట్టుకోవచ్చు. అక్కడ అమ్మాయికి మంచి కాలేజీ, పెద్దాసుపత్రి, కుళాయి నీళ్ళు. ఇరవైఒకటితో అయితే గుంతకల్లు పక్క పల్లె ఏదైనా రావచ్చు. కదిలితే మాత్రం స్థానం పాయింట్లు మళ్ళీ సున్నా నుంచి మొదలు.

వారం రోజులు మా ఇంట్లో కూడికలు తప్ప మాటలు లేవు. “ఇంకో నాలుగేళ్ళు ఓర్చుకుంటే సరిపోతుంది కదండీ!” అంటుంది మా ఆవిడ. “ఓర్చుకుందాం” అంటాను నేను. పాల చీటీ వెనకా పంచాంగం అంచునా ఎక్కడ చూసినా 34 అనే అంకే.

మా అమ్మకు డెబ్బైఏడేళ్ళు. ఒక కంటికి చూపు ఎప్పుడో మందగించింది, రెండోదీ ఆ దారిలోనే ఉంది. గుంతకల్లులో ఆమె చెల్లెలు, మా చిన్నమ్మ, ఒంటరిగా ఉంటుంది. మాకు అరగంట బస్సు ప్రయాణమేమీ కాదు. కాని బస్సు మెట్టే ఎక్కలేని మనిషికి అరగంటైనా ఆరుగంటలైనా ఒకటే. ఆ సాయంత్రం అమ్మ మా లెక్కలన్నీ విని మెల్లగా అంది:

“మీరు పెద్ద లెక్క ఏసుకుంటాండారు నాయనా. నాలుగేండ్లకు అనంతపురం పోతారు, మంచిదే. అప్పటికి నేను యాడుంటానో! కండ్లు కనపడేటప్పుడే చెల్లెలి మొగం చూసుకోవాలని నాకు.”

పెన్సిలు పట్టుకున్న మా ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పద్దులో అమ్మ వయసుకు గడి లేదు. పాయింట్లు ఏడాదికి మూడు చొప్పున పెరుగుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళ రోజులు అదే లెక్కన తరుగుతాయి. ఒకటి కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

అదే రోజుల్లో మావాడి ఫోను మళ్ళీ వచ్చింది. వాడికి వేట నేర్పిన పెద్దాయనకు అరవైఎనిమిదేళ్ళు, ఇరవైరెండు పాయింట్లున్నాయి. మేలురకం అడవి ఇక అందినట్టే. కాని అక్కడ తొమ్మిదివేల అడుగుల ఎత్తున కొండలెక్కాలి, మృగం పడితే మాంసం ముక్కలు చేసి వీపున మోసుకు దిగాలి. పాయింట్లు వచ్చేసరికి మోకాళ్ళు పోయాయి. జట్టుగా దరఖాస్తు పెడితే అందరిలో తక్కువ పాయింట్లవాడి లెక్కే జట్టు లెక్క అవుతుందట. ఆయన తన ఇరవైరెండూ పక్కన పెట్టి, మావాడి ఏడింటితో, నడక తేలికైన మధ్యరకం అడవికి దరఖాస్తు పెట్టాడు. ‘ఒంటరిగా గొప్ప అడవికి పోయేకంటే నీతో మామూలు అడవికి పోవడం నయం’ అన్నాడట. లైసెన్సు వచ్చింది. శరత్కాలంలో ఇద్దరూ వెళ్ళి వారం రోజులు తిరిగి వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఇద్దరివీ పాయింట్లు సున్నా. ఫోనులో మావాడి గొంతు వింటే మాత్రం ఏదో గెలిచి వచ్చినవాడిలా ఉంది.

మా ఆవిడ మా గదిలో దీపం పెట్టుకుని కోరికల జాబితా నింపింది. అడగడానికి ఏం పోయిందని మొదట అనంతపురమే రాసి, దాని కింద గుంతకల్లు చుట్టుపక్కల పల్లెలన్నీ వరసగా రాసింది. ఆ పల్లెల్లో ఒకటి వచ్చింది.

వచ్చిందన్న సంతోషం పూర్తిగా రుచించలేదు. వానలు లేని ఏడు తల్లిదండ్రులు బెంగుళూరు కూలికి పోతే, ఇక్కడ అవ్వల దగ్గర మిగిలే పిల్లలున్నారు. బడికి రాని పిల్లల ఇళ్ళకు మా ఆవిడ సాయంత్రాలు వెళ్ళి పిలుచుకొచ్చేది. అలా పిలుచుకొచ్చినందుకు అర పాయింటు లేదు, పిలవకపోతే కోతా లేదు. ఊరు వదిలే రోజు ఒక అవ్వ సెరగులో ఇన్ని శనగలు మూటగట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, “మా పిల్లోన్ని మరిసిపోవద్దమ్మా” అంది. జింకలు మేయగా మిగిలిన శనగలవి.

అమ్మాయి ఇంటరు చదువు గుంతకల్లులోనే సాగుతుంది, అదీ చదువే. అనంతపురం ఎక్కడికీ పోదు. ఇప్పుడు మా ఆవిడ చీటీలో మళ్ళీ కొత్త కూడిక మొదలైంది. మా అమ్మ మాత్రం సాయంత్రం కాగానే మా చిన్నమ్మ ఇంటి అరుగుమీద కూర్చుని, మిగిలిన ఆ కాస్త చూపుతో చెల్లెలి తలలో నెరసిన వెంట్రుకలు లెక్కపెడుతోంది. ఆ లెక్క ఎప్పుడూ తప్పుతూనే ఉంటుంది. ఆమె మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది.