దారి లేని ఊరికి ప్రయాణ సన్నాహం

గుంటూరు నుంచి ఏ ఊరికి ప్రయాణమైనా మా ఇంట్లో మొదట తలెత్తే ప్రశ్న ఒక్కటే: బస్సులోనా, రైలులోనా? ఈ వేసవిలో మేము వెళ్ళదలచిన ఊరికి బస్సూ లేదు, రైలూ లేదు. అసలు దారే లేదు. కెనడా ఉత్తరాన బాఫిన్ దీవిలో ఉన్న ఇకాలూయిట్ అనే ఆ పట్టణంలో మా అమ్మాయి నర్సుగా పనిచేస్తోంది. జూన్ నెల నడుమ, అల్లాహ్ చిత్తమైతే, ఆమెకు తొలి కాన్పు.

మూడేళ్ళ క్రితం అమ్మాయీ అల్లుడూ టొరంటో వదిలి అక్కడికి వెళ్తామన్నప్పుడు మేము ససేమిరా అన్నాము. అది మనుషులు ఉండవలసిన చోటు కాదనీ, మస్జిదు లేని ఊళ్ళో పిల్లల్ని ఎలా పెంచుతారనీ మాలో ఒకరు కఠినంగా మాట్లాడారు. రెండవవారు మౌనంగా ఉండి ఆ మాటకు సమ్మతి తెలిపారు. అప్పటి నుంచి ఫోను పలకరింపులు ఆగలేదు గానీ అవి క్షేమ సమాచారాలు దాటి ముందుకు సాగలేదు. గర్భవతినన్న సంగతి కూడా అమ్మాయి మాకు ఆలస్యంగానే చెప్పింది.

గడచిన రమజానులో ఒక తెల్లవారుజామున, మేము సహరీ ముగిస్తుండగా ఫోను మోగింది. మా సహరీ వేళ వాళ్ళకు ఇఫ్తార్ వేళ. వంటల ముచ్చట్లయ్యాక ఆమె నెమ్మదిగా ఒక మాట అన్నది. "అమ్మీ, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు కాన్పుకు కొన్ని వారాల ముందే విమానంలో ఇక్కడికి వస్తారు. చాలామంది పక్కన తల్లి ఉండదు. నొప్పుల వేళ వాళ్ళ చేయి పట్టుకునేది మేమే." ఆపై కొంతసేపు ఆగి, "నా వేళకు మీరు రాగలరా?" అని అడిగింది.

తొలి కాన్పు పుట్టింట జరగడం మన ఆనవాయితీ. అమ్మాయి రాలేని స్థితిలో ఉన్నప్పుడు పుట్టిల్లే ఆమె దగ్గరకు వెళ్ళాలి. ఆ పూట ఫజ్ర్ నమాజు తర్వాత మేమిద్దరం చర్చించుకున్నదేమీ లేదు. ఉమ్రా కోసం తీయించిన పాస్‌పోర్టులు బీరువాలోంచి బయటికి వచ్చాయి.

ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా, కట్టివేసి భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టమని దైవప్రవక్త (సఅసం) బోధించిన సంగతి మనకు తెలుసు. మా ఒంటెను కట్టడానికి రెండు నెలలు పట్టింది.

మొదట ఆ ప్రదేశం గురించి తెలుసుకున్నాము. ఇకాలూయిట్ నునావుట్ అనే విశాలమైన ప్రాంతానికి రాజధాని. 1999 ఏప్రిల్ 1న ఆ ప్రాంతం వేరుగా ఏర్పడింది. అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ ప్రజలే అందులో అధిక సంఖ్యాకులు. వారి భాషలో ఇకాలూయిట్ అంటే చేపలు సమృద్ధిగా ఉండే చోటు. నునావుట్‌లోని 25 జనావాసాల్లో దేనికీ దక్షిణాది నుంచి రహదారి లేదు. ఆ ఊళ్ళ నడుమ కూడా లేదు. మంచు కరిగి సముద్రం తెరుచుకున్న కొద్ది నెలల్లో ఓడలు బరువైన సామాను తెస్తాయి. తక్కినదంతా ఆకాశమార్గమే. 2021 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనం దాదాపు 7,400. మన వైపు ఒక పెద్ద గ్రామమంత!

మమ్మల్ని సిగ్గుపడేలా చేసిన సంగతి మరొకటి. మేము మస్జిదు లేదని ఆక్షేపించిన ఆ ఊళ్ళో 2016 నుంచే మస్జిదు ఉంది. మా అల్లుడు జుమా నమాజు చేస్తున్నది అక్కడే. మూడేళ్ళలో ఒక్కసారైనా అడిగి ఉంటే తెలిసేది. మేము అడగలేదు.

ప్రయాణ పటం ఇలా సిద్ధమైంది: హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగా కెనడా, అక్కడ ఒటావా నగరం, ఒటావా నుంచి ఉత్తరానికి మూడు గంటలకు పైగా మరో విమానం. ఆ చివరి ప్రయాణానికి మాకు చెప్పిన ధర విని టికెట్ల కుర్రవాణ్ణి రెండుసార్లు అడిగాము. పొగమంచు పట్టినా, గాలి హోరెత్తినా విమానాలు ఆగిపోతాయి కనుక ఒటావాలో రెండు రోజులు అదనంగా ఉంచుకోమనీ, కాన్పు తేదీకి మూడు వారాల ముందే చేరమనీ అమ్మాయి సూచించింది. అలాగే నిర్ణయించుకున్నాము.

తర్వాత సామాను. పురిటి కోసం సొంఠి, వాము, మిరియాలు, మెంతులు, ఎండు ఖర్జూరాలు విడివిడిగా పొట్లాలు కట్టి, ప్రతిదానిపై పేరు రాసిన కాగితం అంటించాము. మాంసం పచ్చడి సీసా మాత్రం సరిహద్దు నిబంధనల వల్ల పక్కన పెట్టవలసి వచ్చింది. బియ్యం, పప్పు తేవాలా అని అడిగితే అమ్మాయి నవ్వింది. ఏడాదికి సరిపడా దినుసులు కిందటి వేసవిలోనే ఓడలో తెప్పించుకున్నారట. కోతలయ్యాక ఏడాది గ్రాసం గాదెలో పోసుకొని, కారం, చింతపండు జాడీలకెత్తిన మా పెద్దల ఇళ్ళు గుర్తుకు వచ్చాయి. అక్కడ ఎన్నో ఇళ్ళకు నీళ్ళు కూడా ట్యాంకరు బండే తెచ్చి పోస్తుందట. గుంటూరు వేసవి ఎరిగిన మాకు అది కొత్త సంగతి కాదు. నేల లోతున ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది కనుక ఇళ్ళను స్తంభాలపై నిలబెడతారనే సంగతి మాత్రం వింతగా తోచింది.

ఊయల ఓడలో రావడానికి సమయం మించిపోయింది. కిందటి ఓడ వెళ్ళేనాటికి బిడ్డ జాడ తెలియదు, కొత్త ఓడ వచ్చేసరికి బిడ్డ పుట్టేస్తుంది. ఈ చింత వినిపించుకున్న పొరుగింటి ఇన్యూట్ పెద్దావిడ అమ్మాయికి ఒక అమౌటీ కుట్టి ఇచ్చిందట. అది వీపున బిడ్డను పెట్టుకునే సంచీతో కూడిన తల్లి కోటు. మేము దూరంగా ఉన్న కాలంలో మా బిడ్డకు తల్లి వంటి ఒక మనిషిని అల్లాహ్ సమకూర్చాడు. ఆమె కోసం ఒక మంగళగిరి శాలువా కొన్నాము.

ఇక ఆరాధనల విషయం. మా మస్జిదు ఇమామ్ సాహెబ్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ అడిగాము. జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి 11 గంటల ప్రాంతంలో అస్తమించి, 2 గంటలు దాటగానే ఉదయిస్తాడు. ఆ నడుమ ఆకాశం పూర్తిగా చీకటి కాదు. మరి ఇషా, ఫజ్ర్ వేళల గుర్తులేవి? దజ్జాల్ కాలంలో ఒక దినం ఏడాదంత దీర్ఘంగా ఉంటుందని దైవప్రవక్త (సఅసం) తెలిపినప్పుడు, ఆ దినానికి ఒక్కనాటి నమాజులు చాలునా అని సహాబాలు అడగ్గా, చాలవని, కాలాన్ని అంచనా కట్టుకోమని ఆయన సెలవిచ్చిన హదీసును ఇమామ్ సాహెబ్ గుర్తుచేశారు. ఆ పునాదిపైనే ధర్మపండితులు ఇటువంటి ప్రాంతాలకు వేళలు నిర్ణయించారనీ, అక్కడి మస్జిదువారు పాటించే పట్టికనే అనుసరించమనీ అన్నారు. దారిలోను, ఒటావాలోను ఖస్ర్ చేసుకోవచ్చు. ఇకాలూయిట్‌లో పదిహేను రోజులకు మించి ఉంటాము కనుక హనఫీ మస్లక్ ప్రకారం అక్కడ పూర్తి నమాజే.

ఖిబ్లా సంగతి మరీ ఆశ్చర్యం. జీవితమంతా పడమటి వైపు తిరిగి సజ్దా చేసిన మేము అక్కడ ఈశాన్యం వైపు తిరగాలి. పైగా ఆ ప్రాంతంలో దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి ఇరవై డిగ్రీలకు పైగా పడమరకు జరిగి ఉంటుంది. ముల్లును నమ్మితే ఖిబ్లా తప్పుతుంది. ఆ ఊరివాళ్ళనే అడగాలి. తెలియనిది అడగడమనే పాఠం ఆ ఊరు మాకు ఇంకెన్ని విధాల నేర్పుతుందో!

అఖీఖా కోసం అక్కడ గొర్రె దొరకదు. అందుచేత ఏడవ రోజున ఇక్కడే గుంటూరులో జిబహ్ చేయించి, పేదల ఇళ్ళకు మాంసం చేర్చే బాధ్యత మా తమ్ముడికి అప్పగించాము.

చేయవలసిన పనులు ఒక నోటుబుక్కులో రాసుకొని, అయినవాటిని కొట్టివేస్తూ వచ్చాము. వీసా, బీమా, ఉన్ని దుస్తులు, మందులు, ఇంటి తాళాలు. చివరి పంక్తి ఒక్కటే మిగిలింది. పూర్వం మన పెద్దలు బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు బయలుదేరే ముందు అప్పులు తీర్చి, వీలునామా రాసి, ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ అడిగేవారు. మా తాతగారూ అలాగే చేశారని ఇంట్లో చెప్పుకునేవారు. మేమూ అందరినీ అడిగాము, ఒక్కరిని తప్ప.

బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు ఫోను చేశాము. ఆనాడు కఠినంగా మాట్లాడినవారు, "బేటీ, నేనన్న మాట తప్పు" అన్నారు. మౌనంగా ఉన్నవారు, "నా మౌనం అంతకంటే పెద్ద తప్పు" అన్నారు. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత అమ్మాయి, "అబ్బా, ఇక్కడ జూన్‌లో కూడా చలే. మంకీ క్యాపు మరచిపోవద్దు" అన్నది. ఆ గొంతులోని తడి ఇద్దరికీ వినబడింది.

నోటుబుక్కులో చివరి పంక్తి కొట్టివేశాము. సూట్‌కేసులు గుమ్మం దగ్గర ఉన్నాయి. తల్లీబిడ్డలు సుఖంగా ఉండాలనీ, మా ప్రయాణం సులభం కావాలనీ పాఠకులైన మీరు కూడా దుఆ చేయవలసిందిగా కోరుతున్నాము. బంధుత్వాన్ని కలిపి ఉంచేవారిలో అల్లాహ్ మనందరినీ చేర్చుగాక! ఆమీన్.