సాక్ సాకులు చెప్పదు

2024 డిసెంబరు 4, పొద్దున్న ఏడు గంటల ఇరవై ఏడు నిమిషాలకి ములుగు దగ్గర భూమి కదిలింది. 5.3 తీవ్రత అన్నారు. హైదరాబాదులో మా వంటింటి స్టాండు మీద స్టీలు గ్లాసులు చిన్నగా మోగాయి, అంతే. వెంటనే హనుమకొండలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మకి ఫోన్ చేశాను. "నాకేం కాలేదే, నిక్షేపంలా ఉన్నాను" అంది.

మనసు కుదుటపడింది. కుదుటపడగానే రచయిత్రి బుద్ధి లేచింది. రాస్తున్న నవలలో ఓ భూకంపం పెడితే?

పెట్టాలంటే దాని గురించి కాస్త తెలియాలిగా! వారం తిరిగాక, జియోఫిజిక్స్ చదువుతున్న మా అమ్మాయిని అడిగాను. కంప్యూటరు నా ముందు పెట్టింది. నల్లటి తెర. బొమ్మల్లేవు, బొత్తాల్లేవు.

"దీని పేరు సాక్ అమ్మా. కాలిఫోర్నియాలో లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలలో పుట్టింది. ఏం కావాలో టైపు చేసి ఎంటర్ కొట్టు. ముందు 'ఎఫ్‌జీ సీస్మో', తర్వాత 'ప్లాట్'."

మొదటిసారి ఓ అక్షరం మింగేశాను. అలాంటి ఆజ్ఞ లేదని ఒక్క ముక్కలో చెప్పేసింది. ఇంత నిర్మొహమాటస్థురాలిని మా అత్తవారి వైపు కూడా చూడలేదు, నమ్మండి!

సరిగ్గా కొట్టేసరికి తెర మీద నలిగిన దారంలా ఓ గీత. నేర్చుకునేవాళ్ల కోసం ఈ నమూనా అందులోనే ఉంటుందట. 'ఎల్‌హెచ్' కొడితే దాని జాతకం చెప్పింది. 1981 మార్చి 29. సెకనుకి వంద చొప్పున వెయ్యి బిందువులు. అంటే పది సెకన్ల కథ. నేను పుట్టిన మరుసటి ఏటిది.

తర్వాత తను పాఠం కోసం తెచ్చుకున్న మరో రికార్డు తీసింది. 'ఆర్‌మీన్' అంటే తక్కెడ ముల్లుని మధ్యకి తెచ్చినట్టు గీతని సున్నా దగ్గరికి తెస్తుంది. 'బీపీ' బియ్యంలో రాళ్లేరినట్టు, అక్కర్లేని చప్పుళ్లు ఏరేస్తుంది. 'పీపీకే' కొట్టి, ముందొచ్చే పీ తరంగం దగ్గర ఓ గుర్తు, వెనకొచ్చే ఎస్ తరంగం దగ్గర ఓ గుర్తు పెట్టాలి. మధ్య తేడా 12 సెకన్లు. దగ్గరి భూకంపాలకైతే ఎనిమిదితో హెచ్చవేస్తే చాలట, సుమారు 96 కిలోమీటర్లు.

"ఎటువైపు?" అన్నాను.

"ఈ తేడా దూరమే చెబుతుంది. చుట్టూ ఎక్కడైనా కావచ్చు. మూడు స్టేషన్లని అడిగి మూడు వృత్తాలు గీస్తే, అవి కలిసేచోట జరిగిందన్నమాట."

చటుక్కున అమ్మ గుర్తొచ్చింది. నేను అడిగింది ఒక్క స్టేషన్నే!

పక్కింటి పిన్నిగారికి ఫోన్ చేశాను. "ఆ రోజు నుంచీ మీ అమ్మగారు లోపల పడుకోవడం లేదమ్మా. రాత్రంతా వసారాలోనే కూర్చుంటున్నారు" అందావిడ. తమ్ముడికి చేశాను. "నాతోనూ బాగానే ఉన్నానంది. కానీ గోడలో బీట గురించి రెండుసార్లు అడిగిందక్కా."

వృత్తాలు కలిశాయి. 'క్విట్' కొట్టి లేచాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. నన్ను చూసి అమ్మ, "ఫోన్ చేస్తే సరిపోయేదిగా, ఎందుకొచ్చావే?" అంది.

"నవల కోసం" అన్నాను. సాకులు చెప్పడం మా వంశంలోనే ఉంది.

ఆ రాత్రి ఇద్దరం దుప్పట్లు కప్పుకుని వసారాలోనే పడుకున్నాం.