హరాజుకూ వెనుక సందులు

జపాను దేశమునకు ముఖ్యపట్టణమగు టోక్యోయందు హరాజుకూ అను పేట యొకటి కలదు. అచ్చటి యువతీయువకుల వేషధారణము లోకమంతట ప్రసిద్ధి కెక్కినది. అయినను ఆ పేరుతో నేడు తపాలా విలాసము లేదు. 1965లో ఆ ప్రాంతమునకు జింగుమయే, అనగా దేవాలయపు ముంగిలి, అని పేరు మార్చిరి. 1906లో ఏర్పడిన రైలుస్టేషను మాత్రము పాతపేరును నిలుపుకొన్నది. సోదరీమణులారా! ఈ పేటయందలి గొప్ప భవనములను వర్ణించుట నా యుద్దేశము కాదు. వాని వెనుకనున్న సందులలో, కొద్దిపాటి సొమ్ముతో, తమ చేతిగుర్తు వేసిన చొక్కాల నమ్మి బ్రదుకజూచిన చిన్న అంగళ్ల కథ మనవంటి గృహిణులకును తెలియదగినది.

స్టేషనునకు పడమట మేజీ దేవాలయము. ఇది 1920లో ప్రతిష్ఠింపబడినది. దాని చుట్టునున్న వనమునకై దేశపు నలుమూలల నుండి ప్రజలు సుమారు లక్ష మొక్కలను కానుకగా నిచ్చిరి. ఆ దేవాలయమునకు పోవుటకై వేసిన రాజమార్గమే ఒమోతెసాండో. ఇరువైపుల కెయాకి చెట్లు నీడనిచ్చుచుండ, ఆ దారివెంట ఐరోపా దేశముల ఖరీదైన అంగళ్లు వరుసదీరియున్నవి. ఆ మార్గమున కొంతదూరము నడచి ప్రక్కకు తిరిగినచో వంకరటింకరగా సాగు సన్నని వీధి యొకటి కానవచ్చును. దానిని పిల్లివీధి యను నర్థముగల క్యాట్ స్ట్రీట్ అను నాంగ్లనామముతో పిలుతురు. ఆ వంకరలకు కారణము కలదు. ఆ వీధిక్రింద షిబుయా నది ప్రవహించుచున్నది. 1964 నాటి ఒలింపిక్ క్రీడల కాలమున నగరమును సంస్కరించుచు ఆ నదిని కప్పివేసిరి. హొకుసాయి అను ప్రసిద్ధ చిత్రకారుడు ఫూజీ పర్వతమును చిత్రించిన వరుసలో ఒండెన్ గ్రామపు నీటిచక్రము గల చిత్రమొకటి యున్నది. ఆ ఒండెన్ గ్రామమే ఇప్పటి ఈ ప్రాంతము. నాడు ధాన్యము దంచిన యేటిమీదనే నేడు చొక్కాలు, పాదరక్షలు విక్రయింపబడుచున్నవి.

ఈ వీధికి అటునిటు నున్న చిన్నసందులనే ఉరా-హరాజుకూ, అనగా వెనుక హరాజుకూ, అందురు. కళాభిమానులు ఇచ్చటనే చేరుటకు పూర్వకారణములు కొన్ని యున్నవి. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా సైనికకుటుంబములకై దాపుననే ఇండ్లు కట్టబడెను. వారికొరకు వచ్చిన విదేశవస్తువుల అంగళ్లవలన ఆ పేటకు క్రొత్తరుచులు అలవడెను. 1958లో వెలసిన సెంట్రల్ అపార్ట్‌మెంట్సు అను భవనమునందు ఛాయాగ్రాహకులు, ప్రకటనల రచయితలు గదులు తీసికొనిరి. 1970లో హితోమి ఒకావా అను స్త్రీ మిల్క్ అను చిన్న వస్త్రశాలను తెరచెను. 1977 మొదలు 1998 వరకు ఆదివారములందు రాజమార్గమున బండ్లను నిలిపి పాదచారులకు విడిచెడివారు. యువజనులు స్వయముగా కుట్టుకొన్న వేషములతో అచ్చట ఆడిపాడిరి. ఇట్లు చూచువారును చూడబడువారును ఒక్కచోట చేరిరి. వెనుకసందులలో అద్దెలు రాజమార్గమున కంటె తక్కువగా నుండెను.

హరాజుకూ నుండి రైలులో రెండవ స్టేషను షింజుకూ. అచ్చట బుంకా అను వస్త్రవిద్యాలయ మున్నది. అది స్త్రీలకు కుట్టుపని నేర్పుటకై పుట్టి, 1923లో ప్రభుత్వపు గుర్తింపును బడసినది. పురుషులకు ప్రవేశము లభించినది 1950 దాటిన పిమ్మటనే. ఆ విద్యాలయమున గుమ్మా మండలపు యువకు లిద్దరు స్నేహితులైరి. ఆ మండలము పట్టునకు పుట్టినిల్లు వంటిది. 1872లో స్థాపింపబడి ఎందరో కన్యల చేతిపనితో నడచిన తోమియోకా పట్టుమిల్లు అచ్చటిదే. ఆ యిద్దరిలో జున్ తకహాషి నేతపనికి పేరుపొందిన కిర్యూ పట్టణమువాడు. రెండవవాని పేరు తొమొఅకి నగావొ. హిరోషి ఫుజివారా అను సంగీతజ్ఞుని పోలియుండుటచే మిత్రు లీతనిని నిగో, అనగా రెండవవాడు, అని పిలిచిరి.

1993 ఏప్రిలు 1వ తేదీన వీరిద్దరు కలిసి వెనుకసందులో నోవేర్ అను అంగడి తెరచిరి. అందొక భాగమున తకహాషి అండర్‌కవర్ అను తన పేరుతో బట్టల నమ్మెను. రెండవ భాగమున నిగో మొదట తెప్పించిన సరకుల నమ్మి, పిదప తానును ఒక పేరు కల్పించెను. అదియే ఎ బేదింగ్ ఏప్. గోరువెచ్చని నీటిలో కూర్చుండి లేవనొల్లని కోతి యని భావము. సుఖమరిగిన తమ తరపు యువకులనే అది వేళాకోళము చేయుచున్నది. టీషర్టులు, హుడీలు, టోపీలు, రబ్బరుబూట్లు, ఇట్టివే వారి సరకు. సంగీతము, స్కేటుబోర్డుల ఆట మున్నగువానినుండి పుట్టిన ఈ వేషమునకే స్ట్రీట్‌వేర్, అనగా వీధిదుస్తులు, అని పేరు.

ఇట్టి వ్యాపారపు లెక్క మన యిండ్లలో పచ్చడిపెట్టి అమ్ముకొను ఇల్లాలికి సులభముగా బోధపడును. చొక్కాపై బొమ్మను అచ్చువేయుటకు రంగునకొక తెర కావలెను. మూడురంగుల బొమ్మకు మూడుతెరలు. ముప్పది చొక్కాలు వేసినను, మూడువందలు వేసినను తెరల ఖర్చు ఒక్కటే. కావున ఎక్కువ వేసినకొలది ఒక్కొక్క చొక్కాకు పడు వెల తగ్గును. కాని చిన్నవి, నడిమివి, పెద్దవి అని కొలతలు వేరువేరు. ఒక కొలత చెల్లిపోయి, వేరొక కొలత మిగిలిపోవును. మిగిలిన చొక్కాలన్నియు మూలబడిన ధనమే. చేతిలో సొమ్ము తక్కువైనవానికి చౌకగా వచ్చుటకంటె, మిగులకుండుటయే ముఖ్యము. తొలిదినములలో నిగో వారమునకు ఏబది చొక్కాలకు మించి వేయక, అందు సగము మిత్రులకు ఊరక ఇచ్చెడివాడని చెప్పుదురు. ఇది దుబారా కాదు. ఆ మిత్రులు పాటకులు, చిత్రకారులు, పత్రికలలో వ్రాయువారు. వారు తొడిగి తిరిగినదే ప్రకటన. ప్రక్కసందులలో 1994లో వెలసిన నైబర్‌హుడ్ వంటి అంగళ్లవారును పోటీదారులకంటె పొరుగువారుగానే మెలగిరి. ఒకచోట కొనవచ్చినవాడు మరియొకచోటను తొంగిచూచి పోవుచుండెను.

చిన్నతనమున కలిగిన ఈ బలము పెద్దరికమున నిలుచునా యనునదే ప్రశ్న. సరకు దొరకకపోవుటచేతనే కోరిక పెరిగి, అంగడిముందు బారులు తీరెను. నిగో క్రమముగా అనేకనగరములందు శాఖలు తెరచెను. ఉపాహారశాల, క్షౌరశాల సయితము ఆ పేరుతోనే వెలసెను. ఖర్చులును అప్పులును పెరిగెను. తుదకు 2011లో ఆ సంస్థయందు సుమారు నూటికి తొంబది వంతులను హాంకాంగుకు చెందిన యొక వ్యాపారసంస్థ 23 కోట్ల యెన్లకు కొనెను. తాను పెంచిన పేరు తనది కాకపోగా, నిగో 2013లో దానిని విడిచెను. అయినను అతని పనితనము కొనువారి వశము కాలేదు. 2010లోనే హ్యూమన్ మేడ్ అను వేరొక పేరును స్థాపించియుండెను. 2021లో పారిసునందలి కెంజో వస్త్రసంస్థకు కళానిర్వాహకుడుగా నియమింపబడెను. ఆ సంస్థను స్థాపించిన కెంజో తకదాయును బుంకా విద్యార్థియే. తకహాషి వేరొక దారి పట్టెను. శాఖలకంటె కత్తిరింపునకు, కుట్టునకు ప్రాధాన్యమిచ్చి, 2002లో పారిసునందు తన వస్త్రములను ప్రదర్శించెను.

మనుష్యుల గతి యిట్లుండ, ఆ పేట గతి యేమి? 1927 ప్రాంతమున ఒమోతెసాండోపై కట్టిన పాత నివాసగృహములలో చిన్నచిన్న చిత్రశాలలును వస్త్రశాలలును ఉండెడివి. 2003లో వానిని పడగొట్టిరి. ఆ స్థలమున 2006లో ఒమోతెసాండో హిల్స్ అను పెద్ద విపణిభవనము లేచినది. 1997 నుండి హరాజుకూ యువతీయువకుల వేషములను ఛాయాచిత్రములు తీసి ప్రకటించిన ఫ్రూట్స్ అను పత్రిక 2017లో నిలిచిపోయెను. చిత్రింపదగిన వేషములు వీధిలో కానరాకుండుటయే కారణమని దాని సంపాదకుడు చెప్పెను. పేదగదులలోనివారు పేటకు పేరుతెచ్చిరి. ఆ పేరును చూచి ధనికులు వచ్చిరి. ధనికులు రాగా అద్దెలు పెరిగెను. పాదు చేసి నీరుపోసినవారికే పందిరినీడ కరవైనట్లు, తరువాతి తరపు చిన్న అంగళ్లవారు ఇతరపేటలను వెదకుకొనవలసివచ్చినది.

ఈ కథవలన చిన్నవ్యాపారము చేయవలదని తలపరాదు. జున్, నిగోలకు తొలిబలము ధనము కాదు. కుట్టుపని నేర్పిన విద్యాలయము, తక్కువ అద్దెకు దొరికిన గది, మెచ్చి తొడిగి చెప్పుకొను పొరుగు, ఈ మూడే. వీనిలో మొదటిది స్త్రీలకొరకు పుట్టినదే యని మరువరాదు. మన సోదరీమణులలో కుట్టుమిషనుపై రవికెలు కుట్టుచు, తామే పూలబొమ్మలు గీసి అద్దుచు నాలుగు రూపాయలు సంపాదించుకొనువారు పెక్కుమంది కలరు. వారు నెలాఖరున ఎన్ని అమ్మితిమని లెక్కించుటతోపాటు, ఎన్ని మిగిలెనని కూడ లెక్కించుకొనవలెను. ఇరుగుపొరుగువారును, కుట్టించుకొన్న రవికె బాగున్నచో కుట్టిన యిల్లాలి పేరు పదిమందికి చెప్పుట కర్తవ్యము. సందులోని చిన్న అంగడిని నిలుపునది ఆ సందులోనివారి ఆదరమే.