గడప కింది తుప్పు

కారు తలుపుల అడుగు అంచు కింద, ముందు మడ్‌గార్డు నుంచి వెనక మడ్‌గార్డు దాకా పొడుగునా సాగే ఉక్కు భాగాన్ని సిల్ అంటారు; హైదరాబాదు డెంటింగ్ షెడ్లలో దానికి రన్నింగ్ బోర్డు అన్న పేరే ఎక్కువగా వాడుకలో ఉంది. ఇంటికి గడప ఉన్నట్టు కారుకు ఇది ఉంటుంది గనుక, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాలు తగిలే పట్టీగానే చాలామంది దీన్ని చూస్తారు, కానీ గత ఏడు దశాబ్దాలలో తయారైన కార్లలో అధిక భాగానికి ఇది బండి బరువును మోసే అంగం. అంతకుముందు కార్లకు అడుగున చాసిస్ అనే చట్రం విడిగా ఉండేది, దానిపైన బాడీని తెచ్చి బోల్టులతో బిగించేవారు. 1922లో ఇటలీకి చెందిన లాంచియా సంస్థ లాంబ్డా కారుతో చూపిన దారి రెండో ప్రపంచ యుద్ధం తరువాత సర్వత్రా వ్యాపించి, చట్రమూ బాడీ ఒక్కటిగా కలిసిపోయిన మోనోకాక్ నిర్మాణం స్థిరపడింది. ఆ నిర్మాణంలో నేల రేకు, సిల్, తలుపుల మధ్య స్తంభం, పైకప్పు బరువును తలా కొంత పంచుకుంటాయి గనుక, వాటిలో ఏ ఒక్కటి శిథిలమైనా తక్కినవాటిపై భారం పెరుగుతుంది.

హైదరాబాదు పాతబస్తీలో ఈ రెండు తరాల బండ్లనూ చూడవచ్చు. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన నిజాముల 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చట్రంపై కూర్చోబెట్టిన బండి గనుక, దాని తలుపుల కింది రేకుకు తుప్పు పడితే చెడేది సొగసే గానీ బలం కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాపై బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలై 2014 మే దాకా తయారైన అంబాసిడర్, ఫియట్ 1100 నమూనాపై బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 మాత్రం విడి చట్రం లేనివి. తండ్రులు కొన్న అంబాసిడర్‌నో మారుతినో అమ్మబుద్ధి కాక ఇంట్లోనే ఉంచి విదేశాలకు వెళ్ళిపోయిన తెలుగు కుటుంబాలకు సిల్ గొడవ తప్పకపోవడానికి కారణం ఇదే.

ఇందుకు ఉదాహరణగా ఉస్మాన్‌గంజ్‌ను తీసుకోవచ్చు: అది మూసీ నదికి ఉత్తరాన, అఫ్జల్‌గంజ్‌కూ బేగంబజార్‌కూ గౌలిగూడకూ ఆనుకొని ఉన్న హోల్‌సేల్ వ్యాపారుల పేట. ట్రాలీ ఆటోలు, చేతిబండ్లు, మూటలు మోసే హమాలీలు కిక్కిరిసిన ఆ సందుల్లో కారును బయటికి తీయడమే పెద్ద పని గనుక, అక్కడి పాత ఇళ్ళ కింద నిలిపిన బండి నెలల తరబడి కదలదు, దానిమీద కప్పిన ప్లాస్టిక్ కవరు ఎండనూ దుమ్మునూ ఆపుతుందే గానీ కిందినుంచి లేచే తేమను బయటికి పోనివ్వదు. ఏటా ఒకసారి సెలవులకు వచ్చి పోయే ప్రవాసికి పైన రంగు నిగనిగలాడుతూ కనిపించడం, జాకీ పెట్టి ఎత్తబోయిన రోజున అదే చోట రేకు లోపలికి కుంగిపోవడం అరుదైన సంగతులు కావు. వాడకం వల్ల బండి అరుగుతుందన్న మాట నిజమే అయినా, తుప్పు విషయంలో నడిచే బండికన్నా నిలిచే బండికే నష్టం ఎక్కువ.

సిల్‌కు తుప్పు లోపలినుంచి పడుతుంది. అది ఒకే రేకు కాదు. బయటి సిల్, లోపలి సిల్ అనే రెండు రేకులను పైఅంచునా కిందిఅంచునా కలిపి స్పాట్ వెల్డింగుతో అతికించగా ఏర్పడే బోలు పెట్టె, కొన్ని నమూనాలలో వాటి నడుమ బలం కోసం మూడో రేకు కూడా ఉంటుంది. తలుపు అద్దం పక్కనుంచి దిగే వాన నీరు, చక్రం విసిరే బురద, తడిసిన కార్పెట్ కింద ఇంకిన చెమ్మ ఈ పెట్టెలోకి చేరుతాయి, వాటిని బయటికి పంపడానికి తయారీదారు అడుగున చిన్న రంధ్రాలు ఉంచుతాడు, ఆ రంధ్రాలు మట్టితో పూడుకుపోయిన నాటినుంచి సిల్ నీటి తొట్టిగా మారుతుంది. ఇనుముకు నీరూ ఆక్సిజనూ రెండూ తగిలితేనే తుప్పు మొదలవుతుందన్నది బడి పాఠమే గానీ, బురద కప్పి ఆక్సిజన్ తక్కువగా అందే చోటే లోహం ఎక్కువగా కరిగిపోతుందన్నది అంతగా తెలియని విషయం: గాలి బాగా తగిలే ప్రదేశానికీ తగలని ప్రదేశానికీ నడుమ అతి చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి, గాలి అందని వైపున ఇనుము పరమాణువులు అయాన్లుగా మారి ద్రావణంలోకి జారిపోతాయి. రెండు రేకులు కలిసే అతుకులో దాగిన సన్నని నీటిపొర చేసే పనీ ఇదే. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది గనుక అతుకు ఉబ్బి విచ్చుకుంటుంది, రంగు కింద బుడగలు లేస్తాయి. బుడగ బయటికి కనిపించే వేళకు లోపలి రేకు చాలావరకు అయిపోయినట్టే.

విశాఖపట్నం, మద్రాసు, బొంబాయి వంటి సముద్రతీర నగరాల గాలిలోని ఉప్పు ఈ క్రియను తీవ్రం చేస్తుంది. దక్కను పీఠభూమిపై గాలి ఏడాదిలో చాలా నెలలు పొడిగా ఉండడం వల్ల హైదరాబాదు బండ్లు కొంత అదృష్టవంతమైనవే. అయితే 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టికి నగరంలో వేలాది వాహనాలు బురద నీట మునిగాయి. అలా మునిగిన కార్లకు ఇంజన్, వైరింగు బాగుచేయించినవారిలో సిల్ పెట్టెను కడిగించి ఆరబెట్టించినవారు ఎంతమంది ఉంటారన్నది అనుమానమే.

ఉస్మాన్‌గంజ్ నుంచి నడిచి వెళ్ళగల దూరంలో గౌలిగూడ పాత బస్టాండు ఉండేది. నిజాం కాలంలో అమెరికా నుంచి తెప్పించిన ఉక్కు రేకులతో నిలబెట్టిన ఆ అర్ధవృత్తాకారపు హ్యాంగరు, 1994లో ఇమ్లిబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ తెరిచేదాకా నగరానికి ప్రధాన బస్సు కేంద్రంగా పనిచేసి, 2018 జూలై 5 ఉదయం కుప్పకూలింది. ఎనభై ఏళ్ళకు పైగా నిలిచిన ఉక్కుకూ ఆలనాపాలనా కరువైతే గతి అదేనని చెప్పడానికి నగరంలో అంతకు మించిన ఉదాహరణ లేదు. ప్రాణనష్టం జరగకపోవడం వల్లనే కాబోలు జనం దాన్ని తొందరగా మరచిపోయారు.

హైదరాబాదులో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాడికి సిల్ అన్న భాగం ఉన్న సంగతి సాధారణంగా ఎంఓటీ కాగితం మీదే తెలుస్తుంది. ఎంఓటీ అంటే మూడేళ్ళు నిండిన ప్రతి కారుకూ అక్కడ ఏటా జరిగే తప్పనిసరి తనిఖీ. ఆ దేశంలో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్లపై రాతి ఉప్పు చల్లుతారు, అందులో పెద్ద వాటా 1844లో మొదలైన, చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని నుంచి వస్తుంది, ఆ ఉప్పునీరే సిల్‌లోకి చేరుతుంది; అమెరికాలో మిషిగన్, ఒహాయో రాష్ట్రాలలో ఉండే తెలుగువారి బండ్ల పరిస్థితీ ఇంతే. బ్రిటిష్ తనిఖీ నియమం స్పష్టంగా ఉంటుంది: సస్పెన్షన్, స్టీరింగు, బ్రేకులు, సీటు బెల్టులు బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు బరువు మోసే భాగం తుప్పుతో బలహీనపడితే బండి తప్పినట్టే. పరీక్షకుడు వేలితో నొక్కి, చిన్న పనిముట్టుతో తట్టి, మెల్లగా గీకి చూస్తాడే గానీ గట్టిగా గీకకూడదు, పొడవకూడదు. అటువంటి చోట మరమ్మతు చేస్తే అతుకు చుట్టూ తెగకుండా వెల్డింగు ఉండాలి, అసలు రేకు స్పాట్ వెల్డింగుతో ఉంటే అలాగే చేయవచ్చు; రివెట్లు, జిగురు, పుట్టీ సాధారణంగా చెల్లవు. ఇంత కచ్చితమైన కొలబద్ద భారతదేశపు మామూలు మరమ్మతు షెడ్డుకు లేదు గనుక, అక్కడ పని నాణ్యత మిస్త్రీ మనస్సాక్షి మీదా యజమాని కంటి మీదా ఆధారపడుతుంది, యజమాని కన్ను ఏడు వేల కిలోమీటర్లకు పైగా అవతల ఉన్నప్పుడు మిగిలేది మిస్త్రీ మనస్సాక్షి ఒక్కటే.

మార్పిడి రేకును ఎంచుకోవడంలో నాలుగు దారులు కనిపిస్తాయి. తయారీదారు అచ్చులో తీసిన అసలు రేకు దొరికితే అన్నిటికన్నా మేలు, ఎందుకంటే దాని వంపులూ అంచులూ తలుపులకు సరిపోతాయి. బ్రిటన్‌లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను కాపాడి 1988 నుంచి ఎంజీబీ కారుకు పూర్తి బాడీలనే తయారు చేస్తున్నది, మన అంబాసిడర్‌కు మాత్రం ఉత్తరపారా మూతపడ్డాక పాత దుకాణాలలో మిగిలిన సరుకే దిక్కు. రెండో దారి ఇతరులు కాపీ చేసి అమ్మే సిద్ధపు రేకు. ఇది చూడడానికి కొత్తదే అయినా తరచు అసలుకన్నా పలుచగా ఉంటుంది, కింది అంచు అరంగుళం పొట్టిదై లోపలి సిల్‌ను అందుకోదు, జాకీ పెట్టే చోట ఉండవలసిన బలపు ముక్క అసలే ఉండదు. మూడోది పాత సిల్ మీదే తొడిగే కవరు సిల్. దీన్ని ఎంపిక అనడం కూడా తప్పే: కుళ్ళిన రేకును లోపలే ఉంచి పైన మరో రేకు కప్పితే రెండింటి మధ్య తేమ నిలిచి కొత్తదీ కొద్ది కాలంలోనే పోతుంది, పైగా కొన్నవాడికి బండి గట్టిదన్న భ్రమ కలుగుతుంది.

నాలుగోది మిస్త్రీ చేత్తో మడిచి చేసే రేకు. విదేశీ గ్యారేజీలకు అలవాటుపడిన ప్రవాసి దీన్ని నాటు పనిగా తీసిపారేయడం కద్దు, అది తొందరపాటు. అంబాసిడర్, మారుతి 800ల సిల్‌లలో క్లిష్టమైన వంపులు తక్కువ. పాత రేకును అట్టముక్కపై అచ్చు తీసి, సరైన గేజి రేకును మడత యంత్రంలో వంచగల టింకరింగ్ మిస్త్రీ ఉంటే, అతని పని కొలతలు కుదరని సిద్ధపు రేకుకన్నా నిస్సందేహంగా నయం. గేజి అంటే రేకు మందాన్ని తెలిపే సంఖ్య, సంఖ్య పెరిగే కొద్దీ మందం తగ్గుతుంది: 20 గేజి సుమారు 0.9 మిల్లీమీటర్లు, 18 గేజి సుమారు 1.2 మిల్లీమీటర్లు. బయటి సిల్‌కు 20, లోపలి సిల్‌కూ జాకీ చోటుకూ 18 అడగడం క్షేమం. జస్తా (జింక్) పూసిన జీఐ రేకు తుప్పును ఆపుతుందని దాన్నే వాడమనే సలహా తరచు వినిపిస్తుంది గానీ, వెల్డింగు వేడికి ఆ జస్తా కాలి విడుదలయ్యే పొగ పీల్చిన మనిషికి జ్వరం తెప్పిస్తుంది, అతుకు కూడా శుభ్రంగా కుదరదు. కోల్డ్ రోల్డ్ రేకు తీసుకొని, అతుకు పడే అంచులకు వెల్డింగును తట్టుకునే జింక్ ప్రైమరు పూయడమే మంచి పద్ధతి.

కోత మొదలుపెట్టకముందే మెలకువ అవసరం. అయస్కాంతం అంటుకోని చోట రేకు బదులు లప్పం ఉన్నట్టు గుర్తు. సీట్లు, కార్పెట్లు తీసి, బ్యాటరీ విప్పి, సిల్ పక్కగా సాగే పెట్రోలు గొట్టాన్నీ వైర్లనూ తప్పించాలి. బండిని కుళ్ళిన సిల్ కింద జాకీలతో కాక సస్పెన్షన్ బిగించిన గట్టి చోట్ల స్టాండ్లపై నిలిపి, తలుపుల చుట్టూ సందులు కొలిచి రాసుకొని, తలుపు ద్వారానికి అడ్డంగా ఇనుప కడ్డీని తాత్కాలికంగా వెల్డ్ చేయాలి. ఈ కడ్డీ లేకుండా సిల్ కోస్తే బాడీ కంటికి తెలియనంత కుంగుతుంది, కొత్త సిల్ ఆ కుంగుబాటునే శాశ్వతం చేస్తుంది, తరువాత తలుపు ఎంత సర్దినా పడదు. రెండు వైపులా ఒకేసారి కోయడం కూడని పని. బయటి రేకు తీశాక మొదట లోపలి సిల్‌నూ నేల అంచునూ గట్టి లోహం తగిలేదాకా కోసి బాగుచేయాలి, ఆ తరువాతే కొత్త బయటి రేకును క్లాంపులతో నిలిపి, తలుపు వేసి చూసి, సరిపోయిందన్నాక అతకాలి. గ్యాస్ వెల్డింగు వేడికి పలుచని రేకు మెలి తిరుగుతుంది. సీఓటూ వెల్డింగుతో ఒకచోట ఒక చుక్క, దూరంగా మరో చుక్క పెడుతూ పోతే ఆ బాధ తగ్గుతుంది. చివరకు అతుకులకు సీలెంటు పట్టించి, పెట్టె లోపలికి సన్నని గొట్టంతో మైనపు ద్రావణం కొట్టి, అడుగు రంధ్రాలు తెరిచి ఉన్నాయని చూడాలి. ఈ ఆఖరి మెట్టును ఎగ్గొట్టే షెడ్లే ఎక్కువ.

చట్టం కూడా పాత కారు యజమానిని తొందరపెడుతున్నది. 15 ఏళ్ళు నిండిన సొంత కారుకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ రుసుము 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021 జూలై నియమాలు వింటేజ్ హోదా ఇచ్చాయి గానీ, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో అసలు రూపం మారిపోయేంత మార్పు ఉండరాదన్నది షరతు. కనుక ఆ వయసుకు చేరుతున్న బండికి సిల్ మార్చేటప్పుడు అసలు ఆకృతినే అనుసరించడం అన్ని విధాలా మంచిది.

విదేశం నుంచి డబ్బు పంపి తమ్ముడికో మేనమామకో ఈ పని అప్పగించేవారు రంగు వేసిన బండి ఫొటో చూసి తృప్తి పడవద్దు. పాత సిల్ కోసిన రోజున ఒకటి, లోపలి రేకు అతికిన రోజున ఒకటి, లప్పం పెట్టకముందు ఒకటి చొప్పున ఫొటోలు తెప్పించుకోవాలి, ఆ మూడోది చూశాకే మిగతా సొమ్ము పంపాలి.