చేతివాసి

గత రెండేండ్లుగా మాకొక వినోదమలవడినది. ఆదివారము మధ్యాహ్నము వంటిల్లు సర్దుకొనిన పిమ్మట చాక్లెట్టు కుకీలు చేయుచున్నాము. అంగడిలో పది రూపాయలకు బిస్కత్తుల పొట్లము దొరకుచుండగా ఈ శ్రమయెందులకని సోదరీమణులడుగవచ్చును. అన్నము వండుట విధి. ఒకపూటయైనను మానుటకు వీలుకాదు. కుకీలు చేయుమని మమ్మెవ్వరును కోరలేదు. అందుచేతనే మాకవి ప్రియములు. బడిపంతులుగారి జీతములో ఓవెను కొనుటకు ఎనిమిది నెలలు కూడబెట్టవలసివచ్చిన మాట మాత్రము నిజము.

మైదా 150 గ్రాములు, కోకో పొడి 25, వెన్న 100, మెత్తని బెల్లపు పొడి 100, వంటసోడా పావు చెంచా, ఉప్పు చిటికెడు, పాలు రెండు చెంచాలు, సన్నముగా తరిగిన నల్ల చాక్లెట్టు 60 గ్రాములు. మా యింట గ్రుడ్డు తగులదు గనుక పాలతోనే సరిపుచ్చుదుము. వెన్నను బెల్లమును తెలుపెక్కునట్లు గిలకొట్టి తక్కినవి కలిపిన పిమ్మట ముద్దను అరగంట ఫ్రిజ్జులో నుంచవలెను. వెన్న బిగిసియుండనిచో కుకీలు అప్పడములవలె పరచుకొనిపోవును. ముందే కాగియున్న ఓవెనులో 170 డిగ్రీల వేడికి పండ్రెండు నిమిషములు చాలును; సుమారు ఇరువది కుకీలగును. పంచదారకు మారుగా బెల్లము వేయుటకు రుచియొక్కటే కారణముగాదు. బెల్లమునందు తేమ నిలుచును. పైగా అందలి కొద్దిపాటి పులుపు గుణము సోడాను మేల్కొల్పును.

కావ్యములకు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకమని మూడు పాకములను పెద్దలు చెప్పియున్నారుగదా. చిన్ననాట మా తాతగారు వానిని మాకు వల్లెవేయించిరి. వాని యర్థము మాకీ ఓవెను ముందర నిలిచినప్పుడు మరింత బోధపడినది. పండ్రెండవ నిమిషమున కుకీ అంచులు గట్టిపడియున్నను నడుమ వ్రేలు మోపిన దిగిపోవును. కొత్తవారు చూచి పచ్చిగానున్నదని మరల లోపల పెట్టుదురు. అట్లు చేసిరా, నారికేళపాకమే! పదినిమిషములు పళ్లెములోనే విడిచినచో వెన్నయు బెల్లమును చల్లారుచు తామే బిగియును. పైన కొంచెము బిరుసు, లోపల మెత్తన. మాకు కావలసిన కదళీపాకమదియే.

ఇంత విప్పి చెప్పుటకొక కారణము కలదు. మా యింటికి వచ్చినవారు కుకీలు తిని, "ఆహా, అంతయు మీ చేతివాసి" యందురు. ప్రేమతోడి మాటయే. అయినను మాకు రుచింపదు. తూచినదెవరు, నిమిషములు లెక్కించినదెవరు? ఈ చాక్లెట్టు ముక్కల కుకీని 1938 ప్రాంతమున అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రపు విట్‌మన్ పట్టణమున, రూత్ వేక్‌ఫీల్డ్ అను ఆమె తమ పూటకూళ్లయింట తొలుత చేసినది. ముక్కలు కరిగిపోవునని తలచి వేయగా అవి కరుగక నిలిచినవనియు, అది యాదృచ్ఛికముగ కుదిరినదనియు లోకమునందొక కథ వ్యాపించినది. ఆమెయో, గృహవిజ్ఞానము చదివి, దానిని బడిలో బోధించిన విదుషి. కొత్తది చేయవలెనని బుద్ధిపూర్వకముగనే యత్నించితినని తానే చెప్పియున్నది. అయినను కథయే నిలిచినది. మగవాడు చేసిన దానిని ఆవిష్కారమనియు, ఆడుది చేసిన దానిని అదృష్టమనియు ననుట సముద్రమున కావలను కలదన్నమాట.

మా అత్తగారికి డెబ్బదినాలుగేండ్లు. ఆమె చేయు అరిసెలను కూడ ఏబదియేండ్లుగా చుట్టములందరు చేతివాసియనియే కొనియాడుచున్నారు. ఒకరైనను ఎట్లు చేసితిరని అడిగి వ్రాసికొనలేదు. ఇప్పుడామె చూపు మందగించినది, పొయ్యియొద్ద నిలువజాలరు. మొన్నటి సంక్రాంతికి ఆమెను పీటమీద కూర్చుండబెట్టి, కుకీల లెక్కలు వ్రాసికొను పుస్తకమునే తీసి అడుగసాగితిమి. ఆమె యిత్తడి సోలతో కొలిచిన బియ్యమును మా తక్కెడలో తూచితిమి. రాత్రియంతయు నానిన బియ్యమును దంచిన పిండి తడియారరాదట. అందులకే గుడ్డ కప్పుట. పాకమును నీళ్లలో వేసి వ్రేళ్లతో ఉండచేసి చూడవలెను. లేతయైన నూనెలో విడిపోవును, ముదిరిన రాయియగును. ఇదంతయు ఆమె తడుముకొనక, శ్లోకమప్పగించినట్లు చెప్పుచుండగా మావారు తలుపుచాటున నిలిచి వినుచుండిరి. ఇన్నేండ్లు తల్లి చేతి అరిసెలు తినిన ఆయనకును ఇందులో సగము తెలియదు.

నడుమ ఆమె చేతిలో ఒక కుకీ పెట్టితిమి. మెల్లగా నమిలి, "బెల్లమేయూరిది?" అని అడిగిరి. అనకాపల్లిదని చెప్పితిమి.

"మంచిదే. అమ్మాయీ, అరిసెలకు మాత్రము పాతబెల్లము పనికిరాదు, పాకము కుదరదు. అదిగూడ వ్రాసికో" అనిరి.

వ్రాసికొంటిమి.