చుట్టరికం అనే గడి

మలక్‌పేటలో మా ఎదురింట ఉండే వృద్ధురాలిని నేను ఖాలా అని పిలుస్తాను. మనం పిన్ని అనే చోట వారు ఖాలా అంటారు. ఆమెకు 78 ఏళ్ళు, నాకు 56. 2025 జనవరిలో ఒకనాటి మధ్యాహ్నం ఆమె ఒక పెద్ద కవరు తెచ్చి నా వ్రాతబల్ల మీద పెట్టి, "బేటీ, నీవు పరాయి భాషలను తెలుగు చేస్తావు గదా. ఈ పరాయి కాగితం కూడా ఒకటి చేసి పెట్టు" అన్నది. నేను తెలుగు చేసేది హిందీ పుస్తకాలను. వీసా దరఖాస్తు నింపడం ఆ పనిలోకి రాదని చెప్పవచ్చును గాని, ఆమెతో అటువంటి వాదం గెలిచినవారు ఆ వీధిలో లేరు.

కవరులో మూడు కాగితాలున్నవి. ఒకటి కరాచీ నుంచి ఆమె అక్క వ్రాసిన ఉత్తరం, దుబాయిలో ఉద్యోగం చేసుకొనే చుట్టం ఒకడు తెచ్చి ఇచ్చినది. రెండవది ఆహ్వానించేవారి గుర్తింపుకార్డు నకలు. మూడవది ఖాళీ దరఖాస్తు. ఉత్తరం ఉర్దూ లిపిలో ఉన్నది. నేను హిందీలో ఎం.ఏ. చేసినదాన్ని, దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలన్నీ చిన్ననాడే పూర్తిచేసినదాన్ని. కాని ఆ లిపి నాకు రాదు. ఖాలాకు నాగరి రాదు. ఆమె ఉత్తరం చదివి వినిపిస్తే ప్రతి మాటా నాకు తెలిసింది. నా బల్ల మీది హిందీ నవల నుంచి నేను ఒక పుట చదివితే ఆమెకూ చాలవరకు తెలిసింది. కాగితం చేతికి వచ్చేసరికి మాత్రం ఒకరి ముందు ఒకరం చదువురానివాళ్ళం. ఇరవై ఏళ్ళు ఎదురెదురు ఇండ్లలో ఉండి ఈ సంగతి ఆనాటివరకు మేము గమనించనేలేదు.

అక్క కొడుకు కొడుకుకు పెళ్ళి. బక్రీదు వెళ్ళిన తరువాత, మొహర్రం నెల రాకముందు, అంటే జూన్ నడుమ ముహూర్తం. ఆ అక్కకు 83 ఏళ్ళు. 1961లో పెళ్ళయి కరాచీకి వెళ్ళినది మొదలు హైదరాబాదు కాలనీ అనే పేటలోనే ఉన్నది. ఇక్కడినుంచి తరలిపోయినవారు చేరిన పేట అది. మన ఊరి తీరు పచ్చళ్ళకూ, బగారా బైంగనుకూ నేటికీ అక్కడ పేరు. ఉత్తరంలో ఆమె కోరినవి రెండే: చెల్లెలు రావలెను, పెళ్ళికూతురి లచ్ఛా హైదరాబాదు నుంచి రావలెను. నల్లపూసలు గుచ్చిన ఆ హారాన్ని మగపెళ్ళివారు పెళ్ళికూతురికి అలంకరించడం హైదరాబాదు ముస్లిముల ఆచారం. మన నల్లపూసలకు అది తోబుట్టువేనని చూడగానే తెలుస్తుంది. అరవై ఏళ్ళకు పైగా సింధులో కాపురం చేసిన ఇల్లాలు కూడా ఆ పూసలు ఇక్కడివే కావలెనని పట్టుపట్టినది.

దరఖాస్తు ముందు పెట్టుకొని కూర్చున్నాము. మొదటి చిక్కు పుట్టిన ఊరి దగ్గరనే వచ్చింది. ఖాలా 1946లో హైదరాబాదులో పుట్టినది. అప్పుడది నిజాము రాజ్యం. 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశం, 2014లో తెలంగాణ. ఆమె పుట్టిన ఇల్లు మాత్రం ఉన్నచోటనే ఉన్నది. తండ్రి పుట్టినది గుల్బర్గా, తల్లి పుట్టినది ఔరంగాబాదు. ఆనాడు మూడూ ఒకే రాజ్యంలోని ఊళ్ళు. ఈనాడు ఒకటి కర్ణాటకలో కలబురగి, ఒకటి మహారాష్ట్రలో ఛత్రపతి శంభాజీనగర్. పాత కాగితాలలోని పేరు వ్రాయడమా, నేటి పటంలోని పేరు వ్రాయడమా? అనువాదకులకు ఇటువంటి సందేహాలు కొత్తవి కావు. పుట అడుగున ఒక అధోజ్ఞాపిక వేసి మేము ముందుకు సాగిపోతాము. వీసా దరఖాస్తులో అటువంటి చోటు లేదు.

తరువాత, చూడదలచిన ఊళ్ళు. ఈ రెండు దేశాల నడుమ సందర్శకుల వీసా ఇచ్చేది ఊళ్ళ పేర్లు చెప్పి. 2012 సెప్టెంబరులో కుదిరిన ఒప్పందంలో మూడు చోట్లను అయిదు చేశారు. పేరు వ్రాయని ఊళ్ళో అడుగుపెట్టరాదు. అక్క కూతురు సింధులోని హైదరాబాదులో కాపురముంటున్నది. అందుచేత హైదరాబాదులో పుట్టి, హైదరాబాదులో నివసించే ఈమె హైదరాబాదు చూడడానికి అనుమతి వేడుకొంటున్నట్లు వ్రాయవలసివచ్చింది. ఒకదాని ప్రక్క దక్కన్ అనీ, మరొకదాని ప్రక్క సింధ్ అనీ చేర్చాను. ఖాలా విరగబడి నవ్వి, "చదివేవాడు నాకు మతి పోయిందనుకొంటాడు" అన్నది.

వెనుకటి ప్రయాణం ఒక్కటే, 1983లో. గాలిదారిలో కొలిస్తే కరాచీ మన ఊరికి ఢిల్లీకంటె కొంచెమే ఎక్కువ దూరం. ఆమె మాత్రం ఢిల్లీకీ, అక్కడినుంచి పంజాబులోని అమృత్‌సరుకూ, సంఝౌతా రైలులో లాహోరుకూ, తిరిగి దక్షిణంగా కరాచీకీ పోయినది. చేరగానే పోలీసు ఠాణాలో హాజరు చెప్పుకోవలసి వచ్చింది. 1976లో మొదలైన ఆ రైలు 2019 ఆగస్టులో ఆగిపోయింది.

ఇక చుట్టరికం అనే గడి. ఇక్కడ చిక్కు రెండు దేశాలది కాదు, మా ఇద్దరిది. పెళ్ళికొడుకు నీకేమవుతాడంటే ఖాలా "పోతా" అన్నది. పోతా అంటే కొడుకు కొడుకు.

"మీ అక్క కొడుకు కొడుకు గదా, ఖాలా?"

"హౌ. అందుకే పోతా."

ఇంగ్లీషులో అట్లా కుదరదనీ, గ్రాండ్ సన్ వేరు, గ్రాండ్ నెఫ్యూ వేరనీ, మొదటిది వ్రాస్తే మిగిలిన కాగితాలతో సరిపడక అబద్ధమాడినట్లు అవుతుందనీ నచ్చచెప్పాను. ఆమె కాసేపు నన్నే చూసి, "నీ అక్క మనుమడు నీకేమవుతాడు?" అని అడిగినది.

మనుమడే. నాకు తెలిసిన తెలుగులో వేరే మాట లేదు. మన చుట్టరికాల పేర్లు ఇంగ్లీషులోకి పోతే చిక్కి సగమవుతవని నేను ఎన్ని సభలలోనో చెప్పినదాన్ని. అయినా గ్రాండ్ నెఫ్యూ అనే వ్రాశాను. ఆ గడిలో వ్రాయదగినది అదే. ఖాలా ఆ మాట మీద వ్రేలుపెట్టి, పలుకబోయి, మానుకొన్నది. తరువాత ఉర్దూలో సంతకం చేసినది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవలెను. పైన వ్రాసినదంతా ఒక్క కూర్చుంటిలో జరిగినట్లు తోచవచ్చును. అట్లా కాదు. కాగితాలు నాకు వచ్చినది జనవరిలో. అక్క ఆమెను రంజానుకే రమ్మన్నది. మార్చి నెల ఉపవాసాలు కలిసి ఉండి, పండుగ చేసికొని, పెళ్ళిదాకా నిలిచిపొమ్మన్నది. నా చేతిలో అప్పుడు ఆ నవల అచ్చుప్రతులున్నవి, ప్రచురణకర్త తొందరపెడుతున్నాడు. ఫిబ్రవరి అంతా ఆ కవరు నా బల్ల సొరుగులో ఉన్నది. ఖాలా రెండుమార్లు అడిగినది. మూడవమారు అడగలేదు. ఢిల్లీలోని వారి హైకమిషనుకు దరఖాస్తు చేరేసరికి ఏప్రిలు మొదటివారం అయింది.

ఏప్రిలు 22న పహల్గాములో 26 మందిని కాల్చి చంపారు. మరునాడు మన ప్రభుత్వం అటారీ దారి మూసివేసింది. ఆ మరునాడు వారివైపూ మూతపడింది. మనవారెవరూ అక్కడికి పోవద్దని ప్రకటన వచ్చింది. మే 7 నుంచి 10 వరకు పోరాటం. ఆ 26 ఇళ్ళలోని దుఃఖం ముందు ఒక ముసలమ్మ ప్రయాణం ఏపాటిదని ఎవరైనా అనవచ్చును. ఆ మాట మొదట అన్నది ఖాలాయే, టీవీ ముందు కొంగుతో కళ్ళు ఒత్తుకొంటూ. మే నెలలో పాస్‌పోర్టు తిరిగివచ్చింది. అందులో కొత్త ముద్ర ఏదీ లేదు.

నేను జనవరిలోనే పంపి ఉంటే? వీసా వచ్చి ఉండేదని చెప్పలేను. వచ్చి ఉంటే, ఏప్రిలు చివర ఆమె అక్కడ చిక్కుపడి, పెట్టె సర్దుకొని పరుగున రావలసి వచ్చేదేమో. ఈ రెండవ ఊహ నన్ను నేను ఓదార్చుకోవడానికి కల్పించుకొన్నదని నాకు తెలియకపోలేదు. అంతకుముందు అక్కచెల్లెళ్ళు ఒక నెల ఒక ఇంట ఉండేవారు.

జూన్‌లో పెళ్ళి జరిగింది. ఖాలా కూతురి కూతురు సెల్‌ఫోనును పాన్‌దానుకు ఆనించి పెట్టింది. మేము ముగ్గురం చాపమీద కూర్చుని చూశాము. లచ్ఛా వేసే వేళకు బొమ్మ కదలక నిలిచిపోయింది. మళ్ళీ కదిలేసరికి ఆ ముచ్చట కాస్తా అయిపోయింది. అది కరాచీలోనే కొన్న లచ్ఛా. ఖాలా పత్తర్‌గట్టీలో కొన్నది ఆమె బీరువాలో ఉన్నది. అంతలో అక్క మొగం తెరనిండా వచ్చింది. ఆమెకు చెవులు సరిగా వినిపించవు, చూపు కూడా అంతంతమాత్రం. ఇంటినిండా ఉన్న చుట్టాలలో చెల్లెలి గొంతు ఎక్కడినుంచి వస్తున్నదో తెలియలేదు కాబోలు, "వచ్చావా?" అని అడిగినది.

"వచ్చాను" అన్నది ఖాలా.

మొన్న ఆమె మా ఇంటికి వచ్చి, చాయ త్రాగి, లేస్తూ లేస్తూ పెళ్ళికొడుకుకు తమ్ముడున్నాడని జ్ఞాపకం చేసినది. దారి తెరిచిన రోజున ఇంకొక ఫారం తెప్పించమన్నది. "ఈసారి సొరుగులో పెట్టకు. ఆ గడిలో నేను చెప్పిందే రాయి" అన్నది.

వ్రాస్తానన్నాను.